ఫోలిక్ యాసిడ్ – ఆకు పేరు పెట్టుకున్న మందు



గర్భిణీ స్త్రీలకు హాస్పిటల్‌లో ఇచ్చే బిళ్ళల షీటు మీద "ఫోలిక్ యాసిడ్" అని రాసి ఉంటుంది. ఈ రెండు మాటల్లో మొదటిది చాలామందికి అర్థం కాదు. రెండోది అందరికీ అర్థమవుతుంది. చిక్కంతా ఆ రెండో మాటతోనే వస్తున్నది. మన ఇళ్ళలో యాసిడ్ అంటే బాత్రూము కడిగే సీసా. చేతి మీద పడితే బొబ్బలెక్కుతుంది, పిల్లలకు అందకుండా అటక మీద పెడతాము. అలాంటి పేరున్న బిళ్ళను కడుపుతో ఉన్న కోడలికి ఇవ్వడానికి అత్తగారి మనసు ఒప్పుకోదు. "సిస్టరమ్మా, దాంట్లో ఆసిడ్ ఉందంట గదా, లోపల బిడ్డకి మంట పుట్టదా?" అని అడిగే పెద్దవాళ్ళను మా ఓ.పి.లో తరచుగా చూస్తుంటాము. అడిగినవాళ్ళతో ఇబ్బంది లేదు, వివరంగా చెప్పి పంపుతాము. అడగకుండా ఊరుకుని, బిళ్ళలను బీరువాలో పెట్టేసేవాళ్ళ గురించే మా బెంగ.

అందుకే ఈసారి ఒక మాట పుట్టుక గురించి చెప్పాలనుకుంటున్నాము. ఒక మందు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మనకు ఏమి లాభం అనుకోవద్దు. ఈ పేరు సంగతి తెలిస్తే రెండు మేళ్ళు ఉన్నాయి. మొదటిది, వేసుకోవలసిన బిళ్ళను భయం లేకుండా వేసుకుంటారు. రెండోది, దీనిలాంటి పేరుతోనే ఉండే మరో బిళ్ళను పొరపాటున వేసుకోకుండా ఉంటారు. రెండో విషయం ప్రాణం మీదికి తెచ్చేది కాబట్టి దయచేసి చివరి వరకు చదవండి.

యాసిడ్ అంటే పులుపు

యాసిడ్ అన్న ఇంగ్లీషు మాట లాటిన్ భాష నుంచి వచ్చింది. లాటిన్‌లో "అసిడుస్" అంటే పుల్లనిది అని అర్థం, అంతే. కాల్చేది అనే అర్థం అందులో లేదు. మన పాఠ్య పుస్తకాల్లో యాసిడ్‌ను ఆమ్లం అంటారు. ఆ సంస్కృత పదానికి కూడా పులుపు అనే అర్థం. రెండు దేశాలవాళ్ళూ నాలుకకు తెలిసిన రుచిని బట్టే పేరు పెట్టారన్నమాట.

ఇప్పుడు మీ వంటింట్లోకి ఒకసారి చూడండి. నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ యాసిడ్. చింతపండులో ఉన్నది టార్టారిక్ యాసిడ్. పెరుగు పులిసేది లాక్టిక్ యాసిడ్ వల్ల. లాటిన్‌లో "లాక్" అంటే పాలు, అందుకని ఆ పేరు. ఉసిరికాయలోని సి విటమిన్ అసలు పేరు ఆస్కార్బిక్ యాసిడ్. పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ అనే జబ్బు వచ్చేది. ఆ స్కర్వీ లేకుండా చేసేది అని దాని పేరుకు అర్థం. కాబట్టి ఈ దేశంలో పులుసు కలుపుకుని, పెరుగన్నం తిని పెరిగిన ప్రతి మనిషీ రోజూ యాసిడ్ తింటూనే ఉన్నాడు.

యాసిడ్లలో బలమైనవి ఉన్నాయి, బలహీనమైనవి ఉన్నాయి. బాత్రూము కడిగేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది చర్మాన్ని కాలుస్తుంది. ఫోలిక్ యాసిడ్ చాలా బలహీనమైనది. అదీ ఒక్కో బిళ్ళలో ఉండేది గ్రాములో వెయ్యో వంతు లెక్కన, అంటే మిల్లీగ్రాములలో మాత్రమే. కడుపులో మంట పుట్టించేది కాదు, బిడ్డను కాల్చేది అసలే కాదు. పేరులో యాసిడ్ ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఫోలిక్ అంటే ఆకు

ఇక మొదటి మాట. లాటిన్‌లో "ఫోలియం" అంటే ఆకు. ఆ మాట నుంచే ఫోలిక్ వచ్చింది. ఫోలిక్ యాసిడ్ అంటే ఆకులో దొరికిన ఆమ్లం అని చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక చక్కని పోలిక ఉంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న "పత్రం" అనే మాటకు మనకు రెండు అర్థాలు. మారేడు పత్రం అంటే ఆకు. దస్తావేజు పత్రం అంటే కాగితం. పూర్వం తాటాకు మీద రాసేవారు కాబట్టి ఆకే కాగితమైంది. లాటిన్‌లోనూ అదే జరిగింది. ఆకు అనే అర్థమున్న ఫోలియం నుంచే పుస్తకంలో కాగితానికి "ఫోలియో" అన్న పేరు వచ్చింది. మీరు పత్రం అన్నప్పుడల్లా ఫోలిక్ అన్న మాటలో ఉన్న అర్థాన్నే పలుకుతున్నట్టు.

ఈ పేరు పెట్టింది 1941లో. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పాలకూరలో ఉన్న ఒక పోషక పదార్థాన్ని వేరు చేయాలనుకున్నారు. దానికోసం సుమారు నాలుగు టన్నుల పాలకూరను వాడారు. మనం బజారులో కొనే చిన్న కట్టలతో లెక్క వేసుకుంటే ఎన్ని వేల కట్టలో ఆలోచించండి. అంత ఆకు నుంచి చివరకు వారికి దక్కింది బహు కొంచెం. ఆకు నుంచి తీశారు కాబట్టి ఆకు పేరే పెట్టారు. విటమిన్ల వరుసలో ఇప్పుడు దీన్ని బి9 అని కూడా అంటున్నారు. ఆహారంలో సహజంగా ఉన్నప్పుడు ఫోలేట్ అని, బిళ్ళలో ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ అని వాడుక.

పేరు పెట్టకముందే గుర్తించిన వైద్యురాలు

పేరు 1941లో వచ్చినా, ఆ పదార్థం చేసే మేలు అంతకు పదేళ్ళ ముందే మన దేశంలో బయటపడింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు గర్భం దాల్చినప్పుడు రక్తం బాగా తగ్గిపోయి, కొందరు ప్రాణాలు కూడా కోల్పోయేవారు. కారణం ఏమిటో తెలియదు. ఆమె వారి ఇళ్ళలో తిండి ఎలా ఉందో చూశారు. పేదరికం వల్ల వారి తిండిలో ఏదో ఒకటి లోపిస్తున్నదని గ్రహించారు. ఈస్ట్ నుంచి తయారుచేసిన మార్మైట్ అనే పదార్థాన్ని వారికి ఇస్తే రక్తం మళ్ళీ పుంజుకున్నది. ఈ సంగతి 1931లో వైద్య పత్రికలో ప్రచురించారు. అందులో ఉన్న మేలు చేసే వస్తువు ఏదో అప్పటికి తెలియదు కాబట్టి చాలాకాలం దాన్ని "విల్స్ ఫ్యాక్టర్" అనేవారు. తరువాత తేలింది, అది ఈ ఫోలేటే.

మన భీమవరం బిడ్డ

ఆకుల నుంచి కాస్త కాస్త తీస్తే లోకంలో ఉన్న గర్భిణీలందరికీ ఎలా సరిపోతుంది? ప్రయోగశాలలో తయారుచేయగలిగితేనే బిళ్ళ రూపంలో అందరికీ అందుతుంది. ఆ పని చేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో, తరువాత మద్రాసులో. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకోవడం ఆయన చదువుకు ఇబ్బంది తెచ్చింది. ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా మాత్రమే దక్కింది.

ఆ కుటుంబాన్ని ఒక జబ్బు పట్టి పీడించింది. దాని పేరు ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అని చెప్పుకునే జబ్బులాంటిది. తిన్నది పేగులు పీల్చుకోలేవు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కిపోయి రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుతో చనిపోయారు. ఆయనకు కూడా అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బయటపడ్డారు.

తరువాత ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి హాస్పిటల్‌లో రాత్రి పూట రోగుల పాత్రలు కడిగే పని కూడా చేశారు. ఈ మాట మా ఆయాలకు, వార్డు బాయ్‌లకు మేము తరచుగా చెబుతుంటాము. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలోని పెద్ద బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఈ మందు పనిచేస్తుందని ఆ తరువాత తేలింది. సోదరులకు అందని మందు లోకానికి అందింది. మన డెల్టా ప్రాంతం వారికి బాగా తెలిసిన బోదకాలు బిళ్ళ, అంటే డి.ఇ.సి., అది కూడా ఆయన బృందం నుంచి వచ్చినదే.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ విడుదల చేసింది. పేరు లాటిన్‌ది అయినా ఈ మందులో ఒక తెలుగువాని చెయ్యి ఉంది.

ఒంట్లో ఇది చేసే పని

మన శరీరంలో కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ కావాలి. రక్తంలోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతికి చనిపోతాయి. వాటి స్థానంలో ఎముకల మూలుగలో కొత్తవి పుడుతూనే ఉండాలి. ఫోలేట్ లేకపోతే ఆ పుట్టే కణాలు సరిగా విడిపోలేవు. పరిమాణంలో పెద్దగా ఉంటాయి గాని పక్వానికి రావు, పనికి రావు. ఇలాంటి రక్తహీనతను డాక్టర్లు మెగలోబ్లాస్టిక్ అనీమియా అంటారు. ఈ మాటలు గ్రీకు భాషవి. "మెగాస్" అంటే పెద్ద, "బ్లాస్టోస్" అంటే మొలక. అనీమియా అంటే రక్తం లేకపోవడం. మన రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే, నారు ఏపుగా కనబడుతుంది గాని కంకి వేయదు.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. తల్లి గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక రేకులా ఉండి, అంచులు దగ్గరకు వచ్చి గొట్టంలా మూసుకుంటాయి. గర్భం నిలిచిన 28 రోజులలోపే ఇది ముగిసిపోతుంది. అంటే నెల తప్పిందని తెలిసి రెండు వారాలు కాకముందే. ఆ గొట్టం కింది భాగం మూసుకోకపోతే బిడ్డ వెన్ను మీద చీలికతో పుడుతుంది. దీన్ని స్పైనా బైఫిడా అంటారు, రెండుగా చీలిన వెన్ను అని లాటిన్‌లో అర్థం. అలాంటి బిడ్డల్లో చాలామందికి కాళ్ళు పనిచేయవు, మూత్రం మీద అదుపు ఉండదు. పై భాగం మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడక బిడ్డ బతకదు.

ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో మొదట వినబడేది నింద. గ్రహణం రోజు కత్తి పట్టుకుందని, ఫలానా చోటికి వెళ్ళిందని తల్లిని అంటారు. అది చాలా అన్యాయం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఈ లోపాలకు కారణాలు అనేకం. వాటిలో మనం ముందుగా సరిచేయగలిగినది ఫోలేట్ కొరత. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే నూటికి 72 వంతుల వరకు ఈ లోపం తగ్గిందని 1991లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో రుజువైంది.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. గర్భిణీ మూడో నెలలోనో నాలుగో నెలలోనో మొదటిసారి హాస్పిటల్‌కు వస్తే, ఈ గొట్టం మూసుకునే సమయం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకని పెళ్ళయి బిడ్డ కావాలనుకునే అమ్మాయి గర్భానికి ముందే ఈ బిళ్ళ మొదలుపెట్టాలి. కొత్తగా కాపురానికి వెళ్ళే కూతురికి సారె పెడతారు కదా, ఆ సారెతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపండి.

ఎవరికి ఎంత?

బిడ్డ కావాలనుకునేవారు, గర్భం వచ్చిన మొదటి మూడు నెలలవారు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర రంగు బిళ్ళ రోజుకొకటి, కనీసం 180 రోజులు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు తరువాత, పాలిచ్చే తల్లి మరో 180 రోజులు వేసుకోవాలి. హైస్కూలు వయసు పిల్లలకు వారానికొక నీలం రంగు బిళ్ళ, చిన్న తరగతుల పిల్లలకు వారానికొక గులాబి రంగు బిళ్ళ ఇస్తారు. ఆశా కార్యకర్త లేదా ఏ.ఎన్.ఎం. దగ్గర ఇవి ఉచితం.

ఇంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు, మూర్ఛ మందులు వాడేవారికి, షుగరు ఉన్నవారికి మోతాదు ఎక్కువ కావలసి రావచ్చు. వారు గర్భానికి ముందే డాక్టరును కలవాలి. సొంతంగా మోతాదు పెంచుకోకూడదు, వాడుతున్న మూర్ఛ మందును సొంతంగా ఆపకూడదు.

ఎర్ర బిళ్ళ వేసుకుంటే కొందరికి వికారం, మలబద్ధకం వస్తాయి. విరేచనం నల్లగా అవుతుంది. ఇవి ఇనుము వల్ల వచ్చేవి, యాసిడ్ వల్ల కాదు. నల్ల విరేచనం చూసి భయపడి మానేయవద్దు. వికారం ఉంటే అన్నం తిన్న తరువాత, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. కాఫీ, టీలతోను, కాల్షియం బిళ్ళతోను కలిపి వేసుకోవద్దు, గంటా రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

"ఆకుకూర తింటే చాలదా సిస్టర్, బిళ్ళ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆకుకూరల్లోని ఫోలేట్ వేడికి కొంత పోతుంది, ఉడికించిన నీళ్ళు పారబోస్తే ఇంకొంత పోతుంది. మిగిలిన దానిలోనూ ఒంటికి పట్టేది కొంత మాత్రమే. బిళ్ళలోనిది అంతకంటే బాగా ఒంటికి పడుతుంది. గర్భిణీకి అవసరం ఎక్కువ కాబట్టి బిళ్ళ తప్పదు. అలాగని ఆకుకూర మానకూడదు. పాలకూర, తోటకూర, మెంతికూర, గోంగూర, బచ్చలి ఏది దొరికితే అది తినండి. మన పొలాల్లో వరి కోసిన తరువాత చల్లుకునే మినుములు, పెసలు కూడా ఫోలేట్ ఉన్నవే. అలసందలు, శనగలు, వేరుశెనగలు, గుడ్డు కూడా మంచివి. ఆకును కోసిన తరువాత కాకుండా కోయకముందే కడగండి. తక్కువ నీళ్ళతో, మూత పెట్టి, త్వరగా వండండి. పప్పులో వేసి వండుకునే మన అలవాటు ఎంతో మంచిది, నీళ్ళు పారబోసే పని ఉండదు.

మరో హెచ్చరిక. పెద్దవాళ్ళకు నీరసంగా ఉందని, చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని షాపులో ఫోలిక్ యాసిడ్ కొని నెలల తరబడి వేయవద్దు. అది బి12 అనే మరో విటమిన్ కొరత కావచ్చు. ముఖ్యంగా మాంసం, గుడ్లు, పాలు తిననివారికి ఇది వస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే రక్త పరీక్ష బాగుపడినట్టు కనబడుతుంది గాని, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ముందు పరీక్ష, తరువాతే మందు.

రెండు పసుపు బిళ్ళలు

మొదట్లో చెప్పిన ప్రాణాపాయం సంగతికి ఇప్పుడు వస్తున్నాము.

ఫోలిక్ యాసిడ్ నిర్మాణంలో ఒక భాగాన్ని టెరిన్ అంటారు. గ్రీకులో "టెరోన్" అంటే రెక్క. ఆకు మందులోకి రెక్క ఎలా వచ్చింది? ఈ రకం పదార్థాలను మొదట సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో కనుగొన్నారు. పసుపు రెక్కల సీతాకోకచిలుకకు ఆ రంగు ఇచ్చేది ఇదే. ఫోలిక్ యాసిడ్ పొడి పసుపు రంగులో ఉండటానికి కూడా ఈ భాగమే కారణం.

ఇప్పుడు బోస్టన్‌కు వెళదాము. అక్కడ పిల్లల హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలను చూస్తుండేవారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు మందు లేదు. ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇస్తే క్యాన్సర్ కణాలు ఇంకా పెరుగుతున్నట్టు ఆయనకు అనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే ఆ కణాలు ఆగుతాయి కదా అని ఆలోచించారు. సుబ్బారావు గారి బృందం అలాంటి మందును తయారుచేసి పంపింది. దాని పేరు అమినోప్టెరిన్. చూశారా, రెక్క అనే మాట దాని పేరులోనే ఉంది. చూడటానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని స్థానంలో కూర్చుని, పని మాత్రం జరగనివ్వదు. తాళంలో దూరి ఇరుక్కుపోయిన వేరే తాళంచెవిలాంటిది. 1948లో ఫార్బర్ గారు ప్రచురించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. క్యాన్సర్ మందుల చరిత్రలో అది పెద్ద మలుపు.

అదే లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన దాని తమ్ముడి పేరు మెథోట్రెక్సేట్. ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది. క్యాన్సర్‌కే కాదు, కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మ వ్యాధికి కూడా తక్కువ మోతాదులో ఇస్తారు. మంచి మందు, సరిగా వాడితే ఎందరినో మంచం మీది నుంచి లేపింది. కానీ ఈ జబ్బులకు దీన్ని వేసుకోవలసింది వారానికి ఒక్కరోజు మాత్రమే. దాని వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి డాక్టర్లు వేరే రోజుల్లో ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. అంటే ఒకే మనిషి సంచిలో రెండు బిళ్ళలూ ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం కాబట్టి తరచుగా రెండూ చిన్న పసుపు బిళ్ళలే.

పేర్లు కూడా అంతే. ఫోల్వైట్ అనేది ఫోలిక్ యాసిడ్. ఫోలిట్రాక్స్ అనేది మెథోట్రెక్సేట్. రెండూ "ఫోలి" అన్నట్టే మొదలవుతాయి. ఒకటి రక్తం పట్టేది, రెండోది దాన్ని అడ్డుకునేది. చదువు రాని నాయనమ్మ, తొందరలో ఉన్న మనవడు, రద్దీగా ఉన్న మందుల షాపు, ఇవి చాలు ఒక బిళ్ళ స్థానంలో మరొకటి వెళ్ళిపోవడానికి. వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే కొద్ది రోజుల్లోనే మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. గర్భిణీ వేసుకుంటే గర్భం పోవచ్చు, బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చు.

మెథోట్రెక్సేట్ వాడేవారి ఇంట్లో ఈ జాగ్రత్తలు తీసుకోండి:

1. వారంలో ఒక రోజును నిర్ణయించుకుని, ఆ రోజు పేరును షీటు మీద తెలుగులో పెద్దగా రాయండి. "బుధవారం మాత్రమే" అని ఉంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

2. రెండు బిళ్ళలను ఒకే డబ్బాలో పెట్టవద్దు. రంగును బట్టి గుర్తు పెట్టుకోవద్దు. కంపెనీ మారితే రంగు మారుతుంది.

3. షాపులో కొన్నాక కవరు విప్పి, చీటీలోని పేరును షీటు మీద పేరుతో అక్షరం అక్షరం సరిచూడండి. చదవలేకపోతే హాస్పిటల్‌కు తెచ్చి ఏ సిస్టర్‌కైనా చూపించండి. ఎవరూ విసుక్కోరు.

4. నోటిలో పుండ్లు, జ్వరం, చర్మం కింద రక్తపు చుక్కలు, ఆయాసం, పొడి దగ్గు కనబడితే బిళ్ళ ఆపి వెంటనే హాస్పిటల్‌కు రండి. ఎక్కువ వేసుకున్నారని తెలిస్తే ఇబ్బంది కనబడే దాకా ఆగవద్దు. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. అది కూడా ఫోలిక్ యాసిడ్ కుటుంబానిదే. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

5. డాక్టరు చెప్పిన సమయానికి రక్త పరీక్షలు చేయించండి. జ్వరానికో, దగ్గుకో వేరే చోట చూపించుకుంటే ఈ మందు వాడుతున్నట్టు తప్పక చెప్పండి. సెప్ట్రాన్ వంటి సల్ఫా బిళ్ళలు దీనితో కలిస్తే ప్రమాదం.

6. గర్భవతి అయినవారు, కావాలనుకునేవారు దీన్ని వాడకూడదు. బిడ్డ కావాలనుకుంటే, ఎప్పుడు ఆపాలో భార్యాభర్తలిద్దరూ డాక్టరును ముందుగానే అడగాలి.

చివరగా ఒక మాట

మందుల పేర్లు మనకు కొరకరాని కొయ్యల్లా కనబడతాయి. అవి కూడా ఒకప్పుడు ఎవరో రైతులు, వంట చేసుకునే అమ్మలు మాట్లాడుకున్న మాటలే. ఆకు, పులుపు, రెక్క, మొలక. అర్థం తెలిసిన మాటకు భయం ఉండదు, అర్థం తెలియకపోతే అడగడంలో తప్పు లేదు. "సిస్టర్, ఈ పేరు ఏంది? ఇది ఎందుకు? రోజూనా, వారానికొకసారా?" ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబు తెలిసిన తరువాతే మందుల సంచి తీసుకుని ఇంటికి వెళ్ళండి. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే, ఈ రాత్రి అన్నం తిన్నాక ఎర్ర బిళ్ళ వేసుకుందో లేదో కనుక్కోండి.